కాటా కాడ కంప్యూటర్ మూగబోతే: సీరియల్ పోర్టుల తగాదాలు

(అనంతపురంలో ఒక ఆదివారం పొద్దున, సర్వీస్ పని చేసే పిల్లలకు, డిప్లొమా చదివేవాళ్ళకు చెప్పిన మాటలు. మాట్లాడింది మాట్లాడినట్లే ఎక్కించినాం.)

అందరికీ నమస్కారమప్పా. వెనకాల నిలబడినోళ్ళు ముందుకు రాండి, ఈడ కుర్చీలు ఖాళీగానే ఉండాయి. ఈ టేబుల్ మీద ఒక పాత పెంటియం మిషన్ తెచ్చిపెట్టినా, మూత తీసే ఉండాది, మాటలు అయినంక అందరూ చేయి పెట్టి చూడొచ్చు.

నేను పాతికేండ్లకు పైగా ఈ పనే చేస్తాండా. తాడిపత్రి చుట్టుపక్కల బండల పాలిష్ ఫ్యాక్టరీలు, వాటి కాడ లారీ కాటాలు, ఆదోనిలో పత్తి జిన్నింగ్ మిల్లులు, ఎప్పుడన్నా ఎర్రగుంట్ల సైడు, ఇట్ల తిరుగుతా ఉంటా. ఈ కాలంలో కూడా విండోస్‌కు ముందు నాటి డాస్ మిషన్లు, అక్షరం వెనక అక్షరం వైరు గుండా పంపే తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టులు ఎవరు వాడతారని మీలో కొందరికి అనుమానం వచ్చింటాది. ఒకసారి కాటా రూములోకి పోయి చూడండి. తూకం అంకె చూపించే డబ్బా, అదే ఇండికేటర్, దాని వెనకాల ఉండేది ఆ తొమ్మిది పిన్నుల సాకెట్టే, బిల్లు కొట్టే ప్రోగ్రాం ఎప్పుడో ఎవరో రాసిచ్చి పోయింటారు, ఆ రాసినాయన ఇప్పుడు యాడుండాడో ఓనరుకే తెలీదు, మిషన్ మారిస్తే ప్రోగ్రాం నడవదు, ప్రోగ్రాం నడవకుంటే బిల్లు రాదు, బిల్లు రాకుంటే బండలు ఎక్కించుకున్న లారీలు గేటు కాన్నుంచి రోడ్డు దాకా నిలబడిపోతాయి. ఆ ఎండలో క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవర్ మొహం ఒకసారి చూస్తే ఈ పని ఎంత జాగ్రత్తగా చేయల్లనో అర్థమవుతాది.

ముందు ఒక సంగతి చెప్తా, దాని మీదనే మిగతా అంతా చెప్పుకుందాం.

ఒక పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఫోన్ వచ్చింది. పొద్దున తూకం బాగానే వస్తాదంట, పదకొండు దాటినాక స్క్రీన్ మీద అంకె నిలిచిపోతాదంట, మిషన్ ఆపి మళ్ళా వేస్తే వస్తాదంట, మళ్ళా కొంతసేపటికి అదే కత. నేను పోయేటప్పటికే ముగ్గురు చూసి పోయినారు. ఒకరు కేబుల్ మార్చినారు. ఒకరు ఇండికేటర్‌లో కార్డు మార్చినారు, ఎండకు కాటా కింద బరువు పట్టే లోడ్ సెల్ వేడెక్కుతాందేమో అని జంక్షన్ బాక్సు కూడా ఊడదీసి చూసినారు. మూడో ఆయన మదర్‌బోర్డే మార్చేసినాడు. డబ్బులన్నీ ఓనరువి. కొత్త బోర్డులో కూడా పదకొండింటికి తూకం నిలిచింది.

నేను పోయి స్క్రూడ్రైవర్ బయటికి తీయలేదు. కాటా మీద కూర్చునే అబ్బాయిని అడిగినా, పదకొండింటికి ఏం జరుగుతాది నాయనా అని. ఆ టైముకు పక్క రూములో లెక్కలు రాసే ఆయన వస్తాడన్నా, ఆయనకు నిన్నటి బిల్లుల ఫైల్ కావల్ల, నేను నెట్‌వర్క్ బ్యాచ్ ఫైల్ నడిపి పంపిస్తా అన్నాడు. ఆ నెట్‌వర్క్ కార్డు ఎప్పుడు వేసినారంటే మూడు నెలల కింద. తూకం నిలిచిపోవడం ఎప్పుడు మొదలైందంటే, సుమారుగా మూడు నెలల కింద.

ఆ కార్డు ఎన్ఈ2000 రకం. ఆ రకం కార్డులు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు అడ్రస్ 300, ఐఆర్‌క్యూ 3 పెట్టుకుని వస్తాయి. అడ్రస్ అంటే ప్రాసెసర్ కార్డును పిలిచే అంకె, ఐఆర్‌క్యూ అంటే కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైన్, రెండూ ముందుకు పోయినాక వివరంగా చెప్తా. ఇండికేటర్ పెట్టింది రెండో సీరియల్ పోర్టుకు, అంటే కామ్2కి. కామ్2 ఐఆర్‌క్యూ కూడా 3. నెట్‌వర్క్ డ్రైవర్ లోడ్ కానంతవరకు కార్డు నోరు మూసుకుని ఉంటాది, తూకం వస్తాది. బ్యాచ్ ఫైల్ నడిపిన నిమిషం నుంచి ఇద్దరికీ ఒకటే లైన్. కార్డుతో వచ్చిన సెటప్ ఫ్లాపీ నడిపి దాన్ని 10కి మార్చినా, డ్రైవర్ సెట్టింగ్ ఫైల్‌లో కూడా 10 అని రాసినా. కార్డు ఒక్కటి మార్చి డ్రైవర్ లైన్ మర్చిపోతే మళ్ళా పని చేయదు, ఇది గుర్తు పెట్టుకోండి. అరగంట పని. అప్పటికి ఆ ఓనరు ఎంత పోగొట్టుకున్నాడో తల్చుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతాది. ఆ కేబులూ మంచిదే, ఇండికేటరూ మంచిదే, పాత మదర్‌బోర్డూ మంచిదే. చెడిపోయింది ఏదీ లేదు. మంచిగున్న రెండు సామాన్లు తగాదా పడతాండాయి, అంతే. తగాదా ఉన్నచోట సామాను మారిస్తే తగాదా పోదు కదా.

సరే, ఈ తగాదా ఎట్ల వస్తాదో చూద్దాం. మిషన్ లోపల రెండు రకాల తగాదాలు. ఒకటి అడ్రస్‌ది. మన బజారులో నిలబడి ఓ రామాంజనేయులూ అని పిలిస్తే ఎంతమంది తిరిగి చూస్తారు? అనంతపురంలో ఐదుగురన్నా చూస్తారు. ప్రాసెసర్ 3ఎఫ్8 అని పిలిస్తే ఒక్కరే పలకల్ల, ఇద్దరు పలికితే ఇద్దరి మాటా కలిసిపోయి ఏం చెప్పినారో తెలీదు. రెండోది ఐఆర్‌క్యూది. అది గంట తాడు మాదిరి. పోర్టులోకి ఒక అక్షరం రాగానే అది తాడు లాగి గంట కొడతాది, ప్రాసెసర్ చేతిలో పని ఆపి వచ్చి ఆ అక్షరం తీసుకుంటాది. పాత రకం ఐఎస్ఏ స్లాటు కార్డుల్లో గంట మోగేది తాడు లాగిన ఆ క్షణంలో మాత్రమే. ఒకరు లాగి పట్టుకుని ఉంటే, రెండో వాళ్ళు ఎంత లాగినా ఇంకో గంట మోగదు. ఇంకోటి కూడా ఉండాది, ఒక కార్డు లైన్‌ను పైకి లాగుతాంటే ఇంకోటి కిందికి లాగుతా ఉంటాది, అప్పుడు ఎవరి గంటా సరిగా వినపడదు.

1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీలో ఈ తాళ్ళు ఎనిమిదే. 1984లో ఏటీ వచ్చినప్పుడు ఈ తాళ్ళు చూసుకునే 8259 చిప్పు ఇంకొకటి చేర్చి పెంచినారు, రెండో చిప్పును మొదటి దాని 2వ లైన్‌కు కట్టినారు కాబట్టి వాడుకునేవి 15. 15 అంటే శానా అనుకుంటారు, లెక్క పెడితే తెలుస్తాది. 0 టైమర్‌ది, 1 కీబోర్డుది, 6 ఫ్లాపీది, 8 గడియారానిది, 13 లెక్కల చిప్పుది, 14, 15 హార్డ్ డిస్కులవి, గుండ్రని ప్లగ్గు మౌస్ ఉంటే 12 దానిది. 7 ప్రింటర్‌కు, 5 సౌండ్ కార్డుకో రెండో ప్రింటర్‌కో. 4 కామ్1ది, 3 కామ్2ది. మిగిలేది 9, 10, 11. ఇంగ ఎనిమిది బిట్ల చిన్న స్లాటు కార్డు అయితే 10, 11కి దానికి చేయి అందదు, ఆ స్లాటులో ఆ పిన్నులే లేవు. అందుకే పాత కార్డులన్నీ 3, 5, 7 కాడ గుమిగూడతాయి.

ఇప్పుడు కామ్ పోర్టుల అడ్రస్‌లు బోర్డు మీద రాస్తా, దయచేసి రాసుకోండి. కామ్1 – 3ఎఫ్8, ఐఆర్‌క్యూ 4. కామ్2 – 2ఎఫ్8, ఐఆర్‌క్యూ 3. కామ్3 – 3ఈ8, మళ్ళా 4. కామ్4 – 2ఈ8, మళ్ళా 3. చూసినారా, నాలుగు పోర్టులు, తాళ్ళు మాత్రం రెండే. మొదటి నుంచీ అట్లే వచ్చింది.

దీని వల్ల వచ్చే పెద్ద జబ్బు మౌస్, మోడెం జబ్బు. కామ్1లో సీరియల్ మౌస్, లోపల ఫోన్ లైన్‌కు కలిపే మోడెం కార్డు కామ్3లో. మిషన్ లేస్తాది, మౌస్ కదులుతాది, మోడెం కూడా కనపడతాది. ఫోన్ డయల్ చేయగానే మౌస్ గడ్డకట్టుకుపోతాది. కస్టమర్ ఏమంటాడంటే మోడెం మౌస్‌ను పాడు చేసిందంటాడు, మౌస్ కొత్తది కొంటాడు. డయల్ చేసినప్పుడే ఎందుకు నిలిచిపోతాదంటే, సీరియల్ చిప్పులో అవుట్2 అని ఒక బిట్ ఉంటాది, అది ఆన్ అయితేనే ఆ పోర్టు గంట తాడుకు తగులుకుంటాది, పోర్టును ఏదన్నా ప్రోగ్రాం తెరిచినప్పుడే ఆ బిట్ ఆన్ చేస్తారు. అందుకే రెండు పోర్టులు ఊరికే ఉంటే గొడవ లేదు, రెండూ ఒకేసారి తెరిస్తేనే గొడవ. కాబట్టి కస్టమర్ మాటలో ‘అది వాడినప్పుడు ఇది ఆగుతాది’ అని వినపడిందా, తొంభై పాళ్ళు తగాదానే అనుకోండి. ఎప్పుడూ పని చేయకుండా ఉంటే చెడిపోయినదేమో అని చూడండి. ఈ తేడా పట్టుకుంటే సగం పని అయినట్లే.

కామ్4తో ఇంకొక విచిత్రం. ఎస్3 చిప్పు ఉన్న వీడియో కార్డులు, అంతకుముందు 8514 రకానివి, 42ఈ8 లాంటి పెద్ద అడ్రస్‌లు వాడతాయి. పాత ఐఎస్ఏ సీరియల్ కార్డు అడ్రస్‌లో కింది పది బిట్లే చూస్తాది, పైన ఉన్న అంకె దానికి కనపడదు, కాబట్టి వీడియో కార్డును పిలిస్తే 2ఈ8 అనుకుని కామ్4 కూడా పలుకుతాది. ఇంటి పేరు వినకుండా పేరు మాత్రం విని పలికినట్ల. ఆ మిషన్‌లో కామ్4 వదిలేయడమే మేలు, కార్డు మీద సెట్టింగ్ మార్చే చిన్న పిన్ను టోపీలు, అదే జంపర్లు, ఎన్ని మార్చినా సుఖం లేదు.

ఇంగ వెతికే పద్ధతి. నేను ముందు చూసేది ఒకటే, తప్పు మిషన్ లోపలా, బయటా? దానికి లూప్‌బ్యాక్ ప్లగ్గు కావల్ల, మీరే చేసుకోవచ్చు. తొమ్మిది పిన్నుల ఆడ కనెక్టర్ తీసుకుని 2, 3 కలపండి, 7, 8 కలపండి, 1, 4, 6 మూడింటినీ కలపండి. ఇరవై ఐదు పిన్నులదైతే 2, 3 కలిపి, 4, 5 కలిపి, 6, 8, 20 కలపండి. ఇది పెట్టి టెర్మినల్ ప్రోగ్రాంలో టైప్ చేస్తే, కొట్టిన అక్షరం అదే పోర్టులోకి తిరిగి రావల్ల. వచ్చిందంటే పోర్టు మంచిదే, కేబుల్ చూడండి, ఇండికేటర్ చూడండి, స్పీడు సెట్టింగ్ 2400కా 9600కా చూడండి. రాలేదంటే లోపల వెతకల్ల. ఇంత సులువైన పని చేయకుండా సామాన్లు మార్చేవాళ్ళను చూస్తే నాకు బాధ.

మల్టీమీటర్ ఉంటే ఇంకా మంచిది. తొమ్మిది పిన్నుల దాంట్లో 5వ పిన్ను మీద నల్ల వైరు, 3వ పిన్ను మీద ఎర్ర వైరు పెట్టండి, పోర్టు ఖాళీగా ఉన్నప్పుడు మైనస్ పది, మైనస్ పన్నెండు వోల్టుల దగ్గర చూపియల్ల. సున్నా చూపిస్తే పోర్టు వెనకాల 1488 లాంటి డ్రైవర్ చిప్పు పోయిందేమో, లేకుంటే పవర్ సప్లైలో మైనస్ 12 రావడం లేదేమో. మైనస్ 12 పోయినా మిషన్ మామూలుగా లేస్తాది, హార్డ్ డిస్క్ తిరుగుతాది, సీరియల్ పోర్టు ఒక్కటే మూగబోతాది, ఎవరికీ దాని మీద అనుమానం రాదు. మన కాటాలు బయలులో ఉంటాయి, ముంగారు వానలకు ఉరుములు మెరుపులు వచ్చినప్పుడు కేబుల్ గుండా కరెంటు దూసుకొచ్చి ఈ చిప్పులు పోతాయి. వాన వస్తాంటే కేబుల్ పీకేయమని కాటా అబ్బాయికి చెప్పి రాండి.

ఇంకొకటి, మదర్‌బోర్డు మీద పది పిన్నుల హెడ్డర్ నుంచి వెనకాల సాకెట్టుకు వచ్చే పట్టీ కేబుల్. అది రెండు రకాల వైరింగ్‌లో దొరుకుతాది, చూడ్డానికి రెండూ ఒకటే. పాత డబ్బాలోది తీసి కొత్త బోర్డుకు పెడితే పోర్టు కనపడతాది, డేటా మాత్రం రాదు. కరెంటు తీసేసి హెడ్డర్‌లో గ్రౌండ్ ఏ పిన్నో మీటర్‌తో చూడండి. 5వ పిన్ను గ్రౌండ్ అయితే అంకెకు అంకె కట్టిన కేబుల్ కావల్ల, 9వది గ్రౌండ్ అయితే పట్టీని నేరుగా నొక్కిన కేబుల్ కావల్ల. ఈ ఒక్క సంగతి తెలియక మంచి బోర్డులు చెత్తలోకి పోయినాయి.

లోపలే తప్పు అని తేలినాక ఒక తెల్ల కాగితం తీసుకోండి. 0 నుంచి 15 దాకా గీతలు కొట్టండి, పక్కన ఎవరిదో రాయండి. డాస్ 6తో ఎంఎస్‌డీ అని ప్రోగ్రాం వస్తాది, అది ఐఆర్‌క్యూలు, కామ్ పోర్టులు చూపిస్తాది, కానీ దాన్ని పూర్తిగా నమ్మొద్దు, డ్రైవర్ లోడ్ కాని కార్డు దానికి కనపడదు. మన కాటా కాడ నెట్‌వర్క్ కార్డు అట్లే దాక్కుంది. కాబట్టి మూత తీసి ఒక్కొక్క కార్డు జంపర్ మీ కంటితో చూసి రాయల్ల. డాస్‌తో వచ్చే డీబగ్ ప్రోగ్రాం నడిపి డీ 40:0 అని కొట్టండి, మొదటి ఎనిమిది బైట్లలో, మిషన్ లేచేటప్పుడు మొదట నడిచే బయోస్ కనుక్కున్న కామ్ పోర్టుల అడ్రస్‌లు ఉంటాయి, ఎఫ్8 03 ఎఫ్8 02 అని, తిరగేసి చదవల్ల, ఆ తర్వాతవి ప్రింటర్లవి. బయోస్ సందు వదలకుండా వరుసగా నింపుతాది. అంటే 3ఎఫ్8 కాడ పోర్టు లేకుంటే, 2ఎఫ్8ను తెచ్చి మొదటి గడిలో పెట్టేస్తాది, అప్పుడు డాస్‌కు అదే కామ్1 అవుతాది, మీ ప్రోగ్రాం మాత్రం 3ఎఫ్8 కాడ వెతుకుతా ఉంటాది. కామ్1 పోర్టు బతికుందో లేదో చూడాలంటే డీబగ్‌లోనే ఓ 3ఎఫ్ఎఫ్ 55 అని రాసి, ఐ 3ఎఫ్ఎఫ్ అని చదవండి. 55 తిరిగొస్తే చిప్పు ఉండాది. ఎఫ్ఎఫ్ వస్తే ఆడ ఎవరూ లేరు. మరీ పాత 8250 సీరియల్ చిప్పులో మాత్రం ఆ జాగా లేదు, దాన్ని చూసి తొందరపడొద్దు.

విండోస్ 95, 98 అయితే డివైస్ మేనేజర్‌లో పైన కంప్యూటర్ అన్న దాని మీద రెండుసార్లు నొక్కితే ఐఆర్‌క్యూల లిస్టు అంతా వస్తాది, పసుపు గుర్తు ఉన్నచోట చూడండి. ఎక్స్‌పీలో ఎంఎస్‌ఇన్ఫో32 నడిపితే కాన్ఫ్లిక్ట్స్ అని వేరే పేజీనే ఉంటాది. లోపల మోడెం కామ్2గా పెట్టినప్పుడు బోర్డు మీది కామ్2ను బయోస్‌లో డిసేబుల్ చేయడం మర్చిపోతారు, ఇది వారానికి ఒకటన్నా చూసేవాణ్ణి. అట్లే బయోస్ బ్యాటరీ అయిపోతే మీరు పెట్టిన సెట్టింగులన్నీ పోయి మళ్ళా డిసేబుల్ చేసిన పోర్టు లేచి కూర్చుంటాది. నిన్న బాగు చేసిపోయినారు ఈరోజు మళ్ళా వచ్చింది అంటారు చూడండి, ఆ బిళ్ళ బ్యాటరీ మార్చండి ముందు. ఇంకా పాత బోర్డుల్లో టంకం పెట్టిన నీలం బ్యాటరీ ఉంటాది, అది కారితే చుట్టూ గీతలు తినేస్తాది, పచ్చగా కనపడితే వెంటనే తీసేయండి.

కాగితం నిండినాక ఏది మార్చినా ఒకటే మార్చల్ల, మార్చింది రాయల్ల, మళ్ళా చూడల్ల. రెండు ఒకేసారి మారిస్తే బాగైనా ఏది బాగు చేసిందో తెలీదు. ఏమీ అర్థం కానప్పుడు వీడియో కార్డు తప్ప అన్నీ పీకేసి, ఒక్కొక్కటే వేసుకుంటా రాండి.

(ముందు వరుసలో ఒక అబ్బాయి: అన్నా, పీసీఐ మిషన్లలో ఒకే ఐఆర్‌క్యూ మీద మూడు నాలుగు కనపడతాయి, అది తగాదా కాదా?)

మంచి ప్రశ్న అబ్బీ. కాదు. ఐఎస్ఏ తర్వాత వచ్చిన పీసీఐ స్లాటుల్లో గంట లాగిన క్షణాన్ని కాదు, తాడు లాగి ఉందా లేదా అన్నది చూస్తారు. ఒకరి పని అయినాక కూడా తాడు లాగే ఉంటే ఇంకొకరు ఉండారని తెలుస్తాది, వాళ్ళ పనీ చేస్తాది. అందుకే పంచుకోవచ్చు. కానీ అదే బోర్డులో ఒక ఐఎస్ఏ కార్డు ఉంటే దాని ఐఆర్‌క్యూను బయోస్‌లో లెగసీ ఐఎస్ఏ అని రిజర్వ్ చేయల్ల, లేకుంటే పీసీఐ కార్డు పోయి దాని మీద కూర్చుంటాది.

తగాదా కాకుండా తగాదా మాదిరి కనపడేది ఒకటి ఉండాది, అది కూడా చెప్పేస్తా. తూకం వస్తాది కానీ మధ్యలో అంకె ఎగిరిపోతాది, 24350 రావల్సింది 2450 వస్తాది. ఇది కాటా కాడ ఎంత ప్రమాదమో మీకు చెప్పనక్కర్లేదు. 9600 స్పీడులో సెకనుకు 960 అక్షరాలు, అంటే ఒక్కో అక్షరానికి ఒక మిల్లీ సెకను చిల్లర. 8250, 16450 చిప్పుల్లో ఒక్క అక్షరానికే జాగా, ప్రాసెసర్ వచ్చి తీసుకునే లోపల ఇంకోటి వస్తే పాతది పోయినట్లే. 16550ఏ చిప్పులో 16 అక్షరాల బఫర్ ఉండాది, అంత ఓపిక పట్టగలదు. ఎంఎస్‌డీలోనే చిప్పు పేరు చూపిస్తాది. 8250 అని వచ్చి అంకెలు ఎగిరిపోతా ఉంటే ఐఆర్‌క్యూలు మార్చుకుంటా కూర్చోకండి, కార్డు మార్చండి, లేకుంటే ఇండికేటర్ స్పీడు 2400కి తగ్గించండి.

(ఒక అమ్మాయి: అన్నా, కొత్త మిషన్‌లో పోర్టే లేదు, యూఎస్‌బీ నుంచి సీరియల్ వైరు వాడితే ఈ గొడవలన్నీ ఉండవు కదా?)

ఐఆర్‌క్యూ గొడవ ఉండదమ్మా, నిజమే. వేరే రెండు ఉంటాయి. డాస్ ప్రోగ్రాం నేరుగా 3ఎఫ్8 తలుపు తడతాది, యూఎస్‌బీ వైరుకు ఆ తలుపే లేదు, కాబట్టి మామూలు డాస్‌లో అది కనపడదు. విండోస్ ప్రోగ్రాం అయితే పని చేస్తాది, కానీ వైరు ఇంకో సందులో పెట్టినప్పుడల్లా కామ్7, కామ్8 అని నంబర్ పెరగొచ్చు, పాత ప్రోగ్రాంలో కామ్1, కామ్2 తప్ప ఎంచుకోవడానికి ఉండదు. డివైస్ మేనేజర్‌లో పోర్టు అడ్వాన్స్‌డ్ సెట్టింగ్‌కి పోయి నంబర్ 1కో 2కో మార్చండి. ఇన్ యూజ్ అని చూపిస్తే, ఎప్పుడో పీకేసిన పాత వైరు పేరు లోపల మిగిలిపోయింటాది, దాచిన డివైసులు చూపించమని పెట్టి దాన్ని తీసేయండి. వైరుకు ఏ సందులో పెట్టల్లనో టేపు అంటించి రాసి రాండి.

సరే, ఇంగ లేయండి, టేబుల్ కాడికి రాండి. ఈ మిషన్‌లో నేనే ఒక తగాదా పెట్టినా, ఏదో చెప్పను. అమ్మా, నువ్వు ముందు రా, ఈ ప్లగ్గు తీసుకుని వెనకాల పై సాకెట్టులో పెట్టు. స్క్రూ బిగించనక్కర్లేదు. ఇప్పుడు నీ పేరు టైప్ చెయ్. వచ్చిందా? ఇప్పుడు ప్లగ్గు పీకి మళ్ళా కొట్టు. రాలేదు కదా, మంచిది, అంటే ఇందాక వచ్చింది పోర్టు గుండానే వచ్చింది. ఇప్పుడు కింది సాకెట్టులో పెట్టు. అబ్బీ, నువ్వు కాగితం తీసుకో, ఆమె చెప్పింది రాయి.